చార ఉంటే ఏమైంది?

వయొలిన్ మెడ మీద, తీగల కింద, నల్లగా నిగనిగలాడే పలక ఒకటి ఉంటుంది. వాయించేవాళ్ల ఎడమచేతి వేళ్లు తిరిగేదంతా దాని మీదే. ఫింగర్‌బోర్డు అంటారు. హైదరాబాద్‌లో పిల్లలకు వయొలిన్ కొన్న తల్లిదండ్రుల్లో ఎవర్ని సలహా అడిగినా ఒకటే మాట: "ఎబొనీది తీసుకోండి, బాగా నల్లగా ఉండాలి, మచ్చా చారా ఏమీ ఉండకూడదు." ఎబొనీ అంటే నల్లగా, గట్టిగా ఉండే ఒక రకం చెక్క. వాళ్ల సలహాలో మొదటి ముక్కతో నాకు పేచీ లేదు. చివరి ముక్కతోనే. మచ్చలేని నలుపే కావాలన్న ఈ పట్టుదల వల్ల ఆఫ్రికా అడవుల్లో కొట్టిన చెట్లు కొట్టినచోటే పడి కుళ్లిపోయాయి. ఇక్కడ మన చేతికొచ్చేది చాలాసార్లు అసలు ఎబొనీయే కాదు. ఈ రెండింటికీ కారణం ఒక్కటేనని నా వాదన.

మా అమ్మాయి కర్ణాటక సంగీతం నేర్చుకుంటోంది. గీతాలు దాటి వర్ణాలకొచ్చేసరికి అద్దెకు తెచ్చిన చిన్న వయొలిన్ చాలక ఫుల్ సైజుది కొన్నాం. ఏ షాపులో అన్నది ఇప్పుడు అనవసరం. "ప్యూర్ ఎబొనీ మేడమ్, కళ్లు మూసుకుని తీసుకోండి" అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. తీసుకున్నాం. ఎండాకాలం వచ్చింది. సాధన చేసి లేచిన పిల్ల వేళ్ల కొసలు నల్లగా కనిపించడం మొదలైంది. ముందు తీగల తుప్పేమో అనుకున్నాం. మనవాళ్లు వేలు బాగా జారడానికి కాస్త కొబ్బరినూనె రాసుకుంటారు కదా, ఆ నూనెకు చెమట తోడై పలక మీది రంగును లాగేస్తోందని తర్వాత అర్థమైంది. వేళ్లు ఎక్కువగా పడే చోట నలుపు పలచబడి కింద నుంచి లేత పసుపు చెక్క తేలింది. ఆ పసుపు మీద తీగ వెంబడి సన్నటి గాళ్లు పడ్డాయి. గాడి పడ్డచోట వేలు నొక్కితే స్వరం జీరగా పలుకుతోంది.

సికింద్రాబాద్‌లో ఒక సందులో, మేడ మీద, వాద్యాలు బాగుచేసే పెద్దాయన ఉన్నాడు. అందరూ చాచా అంటారు, నేనూ అదే అంటాను. వయొలిన్ చేతికిస్తే పైవైపు చూడనే లేదు. తిప్పి, పలక చివర పొట్ట మీదికి వంతెనలా వచ్చే భాగం ఉంటుందే, దాని అడుగున చిన్న బ్లేడుతో గీకాడు. కాగితం మీద పడిన పొడి తెల్లగా ఉంది.

"ఇది ఎబొనీ కాదు బేటీ. ఏదో చెక్కకు సియాహీ కొట్టిండ్రు."

తర్వాత సొరుగులోంచి వేరే పలక తీశాడు. నా చేతిలో పెడితే ఆ సైజు చెక్కకు ఉండాల్సిన దానికంటే బరువుగా అనిపించింది. నల్లగానే ఉంది గానీ, మధ్యలో ఒక పక్కకు వేలెడు వెడల్పున గోధుమరంగు చార, దాని పక్కన ఇంకో సన్న చార. దాన్నీ గీకాడు. ఈసారి పొడి బొగ్గు రంగులో, మెత్తగా, కాగితానికి అంటుకునేలా రాలింది. గీకేముందు ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. ఎబొనీ పొడి పడితే తుమ్ములు ఆగవట, చర్మం కూడా దురద పెడుతుందట.

"మరి ఇదే వేసెయ్యొచ్చు కదా చాచా?"

"వేస్త. కానీ ఎవ్వరు ఒద్దంటరు. గీత కనబడ్తే మల్ల వాపస్ తెస్తరు. అందుకే దీనిగ్గూడ నల్లరంగు రుద్దే ఇస్త."

అంటే ఎబొనీ కాని చెక్కకు ఎబొనీ అనిపించడానికి రంగు. అసలైన ఎబొనీకి కూడా ఎబొనీ అనిపించడానికి రంగే! ఆ మెట్లు దిగుతుంటే నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఒంటిరంగు చామనఛాయ దాటితే పెళ్లిచూపుల్లో మొహం ముడుచుకునే జనమే కదా మనం. చెక్క దగ్గర మాత్రం ఇంత నలుపు మోజేమిటి?

అసలు వయొలిన్‌కు ఎబొనీ ఎందుకు కావాలి? ఇది ఉత్త స్టైల్ కోసం పెట్టింది కాదు. గట్టిదనం కోసం. గేబన్ ఎబొనీ అనే రకం ఘనపు మీటరుకు సుమారు 950 కిలోలు తూగుతుంది. టేకు 650 దగ్గర. అంటే నీటిలో వేస్తే ఎబొనీ ముక్క మునగాలా తేలాలా అని ఆలోచించుకునేంత బరువు. రేణువు సన్నం, నునుపు ఎక్కువ, చెమటకు లొంగదు. ఈ గుణాలు పాశ్చాత్య సంగీతం వాయించేవాళ్ల కంటే మనకే ఎక్కువ అవసరమని నాకనిపిస్తుంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలిన్‌ను మన సంగీతంలోకి తెచ్చి రెండు వందల ఏళ్లు దాటింది. వాద్యం అదే, వాడకం వేరు. వాళ్ల పద్ధతిలో వేలు ఎక్కువగా ఒకచోట దిగి, లేచి, ఇంకోచోట దిగుతుంది. మన తోడి రాగంలో గాంధారం ఒకచోట కుదురుగా కూర్చుంటుందా? వేలు లేవకుండా ఊగుతూ జారుతూ ఉండాలి. దాన్నే గమకం అంటారు. వేలితోపాటు లోహపు తీగ పలకను గంటల తరబడి రాస్తూనే ఉంటుంది. మెత్తటి చెక్క ఈ రాపిడికి ఎన్నాళ్లు ఆగుతుంది?

కాబట్టి ఎబొనీ కావాలనడం తప్పు కాదు. తేడా ఎక్కడొస్తుందంటే, గట్టిదనానికీ నలుపుకూ ముడిపెట్టడంలో. చేవలో, అంటే మాను నడిమి గట్టిచెక్కలో, నల్లగా ఉన్న భాగమూ గోధుమ చార ఉన్న భాగమూ వాయించేవాడికి పనికొచ్చే విషయంలో ఒకటే. గాడి పడటంలో గానీ, నాదంలో గానీ తేడా కనిపించదు. చేవ చుట్టూ బెరడు వైపు ఉండే తెల్లచెక్క సంగతి వేరు. అది మెత్తన, దాన్ని వద్దనడంలో న్యాయం ఉంది. చారను చూసి తెల్లచెక్క అనుకుని భయపడేవాళ్లే ఎక్కువ.

ఎబొనీ చెట్టు పుట్టుకతోనే లోపల నల్లగా ఉండదు. చిన్న చెట్టును కోస్తే అంతా పాలిపోయిన రంగే. వయసు మీదపడే కొద్దీ లోపలి కణాల్లో నల్లటి పదార్థాలు చేరుతూ చేవ కడుతుంది. ఈ కుటుంబం చెట్లలో ఉండే నాఫ్తోక్వినోన్లు అనే రసాయనాలు ఆ నలుపుకు మూలం. ఏ చెట్టులో ఎంత మేర నలుపు కడుతుంది, చారలు వస్తాయా రావా అన్నది బెరడు చూసి చెప్పగలిగినవాడు లేడు. కొట్టి చూడాల్సిందే. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే మిగతా కథంతా దానంతటదే అర్థమవుతుంది.

గేబన్ ఎబొనీ శాస్త్రీయ నామం డయోస్పైరస్ క్రాసిఫ్లోరా. పేరులో గేబన్ దేశం ఉంది గానీ నైజీరియా, కామెరూన్ నుంచి కాంగో దాకా మధ్య ఆఫ్రికా వానఅడవుల్లో పెరుగుతుంది. పెద్ద చెట్ల నీడలో, మధ్య అంతస్తులో, ఏ తొందరా లేకుండా ఎదుగుతుంది. కోతకు వచ్చేంత లావు కావడానికి మన మనవల కాలం కూడా చాలకపోవచ్చు. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీన్ని ముప్పు ఉన్న జాతుల జాబితాలోనే ఉంచింది. 2011లో టేలర్ అనే అమెరికన్ గిటార్ కంపెనీ, స్పెయిన్‌కు చెందిన ఒక కలప సంస్థతో కలిసి కామెరూన్ రాజధాని యావుందేలో క్రెలికామ్ అనే ఎబొనీ మిల్లును కొన్నది. కంపెనీ పెట్టినవాళ్లలో ఒకడైన బాబ్ టేలర్ అక్కడికి వెళ్లాక తెలుసుకున్న సంగతి తర్వాత అందరికీ చెప్పాడు. అడవిలో పది చెట్లు కొడితే మార్కెట్ అడిగే పూర్తి నలుపు ఉన్నది ఒక్కటే. మిగతా తొమ్మిదింటిలో చారలున్నాయని అక్కడే వదిలేసి వస్తున్నారు. రోడ్డు లేని అడవిలోంచి బరువైన దుంగను మోసుకురావడానికయ్యే ఖర్చు, చార కనిపిస్తే తగ్గే ధరతో రాదు మరి. కొట్టినవాడిని తిట్టి లాభం లేదు. వాడు లెక్క చూసుకున్నాడు. ఆ లెక్క రాసిచ్చింది గిటార్లు, వయొలిన్లు, పియానోలు కొనే మనం.

ఆ మిల్లు తర్వాత చారల చెక్కనూ కోసి పంపడం మొదలుపెట్టింది. ఆ కంపెనీ ఖరీదైన గిటార్ల మీద కూడా గోధుమ చారలున్న ఫింగర్‌బోర్డులు ఇప్పుడు మామూలు. 2016 నుంచి అక్కడి కాంగో బేసిన్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసి ఎబొనీ మొక్కలు పెంచి ఊళ్లవాళ్లతో నాటిస్తున్నారు. ఎబొనీతోపాటు తొందరగా ఆదాయమిచ్చే పండ్ల మొక్కలూ ఇస్తున్నారు. అది తెలివైన పని. వందేళ్ల తర్వాత కోతకొచ్చే చెట్టును ఈ ఏడు కూలి కావాల్సిన మనిషి ఉత్తపుణ్యానికి ఎందుకు సాకుతాడు? వ్యాపారస్తుడు తన సరుకు కోసమే ఇదంతా చేస్తున్నాడని అనొచ్చు. చెయ్యనీండి. నాకేం అభ్యంతరం లేదు.

ఈ నాటే పనిలో భాగంగా జరిగిన పరిశోధనలో ఒక సంగతి బయటపడింది. 2025లో సైన్స్ అడ్వాన్సెస్ పత్రికలో వచ్చింది. ఎబొనీ పండ్లను మింగి, గింజలను దూరదూరాలకు తీసుకెళ్లి పేడతో పాటు వదిలేది అడవి ఏనుగులు. పేడలో ఉన్న గింజ ఎలుక జాతి జంతువుల కంట పడకుండా బతుకుతుంది. దంతాల కోసం ఏనుగులను వేటాడి తుడిచిపెట్టిన అడవుల్లో ఎబొనీ చిన్న మొక్కలు దాదాపు 70 శాతం తక్కువగా ఉన్నాయి. పెద్ద చెట్లు నిలబడే ఉంటాయి కాబట్టి పైకి చూస్తే అడవి నిండుగానే కనిపిస్తుంది. కింద మాత్రం వారసులు లేరు. పాత పియానోల్లో తెల్లమెట్లు ఏనుగు దంతంతో చేసేవారు, నల్లమెట్లు ఎబొనీతో. తెల్లమెట్టు కోసం చంపిన జంతువే నల్లమెట్టు చెట్టును నాటేది అని తెలిశాక నేను పియానోను మునుపటిలా చూడలేకపోతున్నాను. దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని 1989లో నిషేధించారు. దంతం లేకుండా పియానో ఏమీ మూగబోలేదు. ప్లాస్టిక్ మెట్ల మీదే లోకమంతా వాయిస్తోంది.

అలాంటప్పుడు ఎబొనీ కూడా పూర్తిగా మానేస్తే పోలా? ఈ ప్రశ్న నన్ను మా ఇంట్లోనే అడిగారు. సులువుగా తీసిపారేయలేను. మడగాస్కర్ సంగతి చూస్తే మానేయడమే మంచిదనిపిస్తుంది. అక్కడి ఎబొనీ అక్రమంగా నరికి ఎగుమతి చేస్తుంటే, ఆ చెక్క కొన్నదన్న అనుమానంతో 2009లో అమెరికా అధికారులు గిబ్సన్ గిటార్ కంపెనీ మీద దాడి చేశారు. 2012లో ఆ కంపెనీ 3 లక్షల డాలర్ల జరిమానా కట్టి రాజీపడింది. 2013లో మడగాస్కర్ ఎబొనీలను అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలోకి చేర్చారు. అలాంటి చోటి నుంచి వచ్చే చెక్క వద్దే వద్దు. అయితే కామెరూన్ లాంటి చోట ఎబొనీకి ధర లేకుండా పోతే ఆ అడవి అలాగే మిగులుతుందన్న గ్యారంటీ ఏమీ లేదు. కోకో తోటో, పొలమో వస్తుంది. ధర ఉన్న చెట్టునే నాటుతారు, కాస్తారు. కాబట్టి నా ఓటు మానేయడానికి కాదు, కొట్టిన చెట్టును పూర్తిగా వాడటానికి.

ఎబొనీ బదులు వాడే పదార్థాలు లేకపోలేదు. కాగితాన్ని రెసిన్‌తో అదిమి చేసే రిచ్‌లైట్ అనేదాన్ని పెద్ద గిటార్ కంపెనీలే కొన్ని మోడళ్లకు వాడుతున్నాయి. స్ట్రాడివరీ కాలంలో వయొలిన్ పలక లోపల తేలికపాటి చెక్క పెట్టి, పైన మాత్రం ఎబొనీ లాంటి గట్టిచెక్క పొర అతికించేవారు. పూర్తి ఎబొనీ పలక ఆనవాయితీ అయ్యింది ఆ తర్వాతే. పొర పద్ధతికి మన దగ్గర ఒక చిక్కుంది. గాళ్లు పడ్డప్పుడల్లా పలకను చిత్రికపట్టి మళ్లీ సాపు చేయాలి. పలుచని పొరను అలా గీకుతూ పోతే త్వరలోనే అడుగు కనిపిస్తుంది. గమకాల సంగీతానికి అది గిట్టుబాటు కాదు.

ఇక "మన దగ్గరే ఎబొనీ ఉందిగా, ఆఫ్రికా దాకా ఎందుకు?" అనే వాళ్లున్నారు. నిజమే, ఉంది. మన తునికి. బీడీ ఆకు చెట్టు. గేబన్ ఎబొనీకి స్వయానా డయోస్పైరస్ చెల్లెలు. రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఈస్టిండియా కంపెనీ కొలువులో సామర్లకోటలో ఉంటూ మన మొక్కలెన్నిటికో బొమ్మలు వేయించాడు. తునికికి డయోస్పైరస్ మెలనాక్సైలాన్ అని పేరు పెట్టి 1795లో అచ్చువేసింది ఆయనే. ఇంగ్లీషులో దీన్ని కోరమాండల్ ఎబొనీ అంటారు. ముదిరిన తునికి మానులో నల్లచేవ నిజంగానే ఉంటుంది.

ముదిరిన మాను ఎక్కడుంది అన్నదే ప్రశ్న. ములుగు, కొత్తగూడెం, ఆదిలాబాద్ అడవుల్లో తునికి కనిపించేది ఎక్కువగా పొదలాగే. అది దాని స్వభావం కాదు, మనం ఉంచినతీరు. ఫిబ్రవరి, మార్చిల్లో కొమ్మ కొట్టుడు ఉంటుంది. చిన్న మొక్కలను మొదలంటా కొట్టేస్తే వేరు నుంచి కొత్త పిలకలు లేస్తాయి. వాటికి వచ్చే ఆకు లేతగా, వెడల్పుగా, బీడీ చుట్టడానికి వీలుగా ఉంటుంది. కొన్నిచోట్ల కొత్త చిగురు కోసం నేలమంట కూడా పెడతారు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లారకముందే ఆడవాళ్లు, పిల్లలు అడవికి పోయి ఆకు తెంపుకొస్తారు. ఇంటిల్లిపాదీ కూర్చుని ఒక్కో కట్టకు 50 ఆకులు పేర్చి నారతో కడతారు. సాయంత్రం కల్లానికి తీసుకెళ్తే అక్కడ కట్టలు తీసుకునే కల్లేదారు లెక్క చూసి ఎండకు పరిపిస్తాడు. వెయ్యి కట్టలు కలిపితే ఒక స్టాండర్డ్ బ్యాగు. రేటంతా దాని మీదే. ఎండాకాలం ఇంకే పనీ దొరకని ఊళ్లలో ఆ నాలుగు వారాల డబ్బు ఎంత అక్కరకొస్తుందో ఆ ప్రాంతం వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ ఆకు నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు వెళ్లి ఇంకో లక్షల మంది ఆడవాళ్ల చేతుల్లో బీడీ అవుతుంది. మన సర్కారు కాగితాల్లో దీన్ని అబ్నూస్ ఆకు అని రాస్తారు. అబ్నూస్ అంటే ఉర్దూలో ఎబొనీయే.

పండు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి, లేకపోతే మా అమ్మ ఊరుకోదు. తునికి పండు ఎండాకాలంలో పసుపు తిరుగుతుంది. కాయగా కొరికితే వగరుకు నాలుక మొద్దుబారుతుంది. పండితే లోపలి గుజ్జు తియ్యగా ఉండి, నున్నటి గింజలు నోట్లో జారిపోతుంటాయి. కాయ తొడిమ దగ్గర రేకుల టోపీ, వంకాయకున్నట్టు, పండు పండాక కూడా ఊడదు. ఈ కుటుంబం అంతటికీ అదే గుర్తు. చలికాలంలో మన పండ్ల బండ్ల మీద ఎర్రగా టొమాటోలా కనిపించే జపాన్ పండుకూ ఆ టోపీ ఉంటుంది, చూడండి. అదీ డయోస్పైరసే. దాన్ని కిలోల లెక్కన కొంటున్నాం. తునికి పండు మాత్రం హైదరాబాద్‌కు పెద్దగా చేరదు. ఏటా కొట్టేసే పొదకు కాయ పట్టే వయసే రాదు.

అందుకే స్వదేశీ ఎబొనీతో సమస్య తీరిపోతుందని చెప్పేవాళ్లతో నాకు కుదరదు. ఫింగర్‌బోర్డుకు సరిపడా నల్లచేవ రావాలంటే తునికి మాను దశాబ్దాల పాటు కత్తి పడకుండా నిలబడాలి. ఆకు మానేసి చేవ కోసం కాచుకోమని ములుగు అడవిలో కట్టలు కట్టే అమ్మకు హైదరాబాద్‌లో ఏసీలో కూర్చుని చెప్పే మొహం నాకు లేదు. అక్కడక్కడా కొన్ని మానులను పండు కోసమైనా, గింజ కోసమైనా కొట్టకుండా వదిలితే బాగుండునని మాత్రం అంటాను. అది వయొలిన్ కోసం కాదు. ఆఫ్రికాలో మన మోజు నలుపు కోసం చెట్టును కూల్చింది. ఇక్కడ బీడీ మోజు చెట్టును చెట్టు కానివ్వలేదు. రెండుచోట్లా చేవ కట్టే టైమ్ చెట్టుకు దొరకలేదు.

హైదరాబాద్‌లో నన్ను అన్నిటికన్నా విసిగించేది ఇంకొకటుంది. ఇండోనేసియాలో సులవేసి ద్వీపం వానఅడవిలో డయోస్పైరస్ సెలెబికా అనే చెట్టు ఉంది. మకస్సార్ ఎబొనీ అని వ్యాపారం. దాని చేవ నిండా నలుపు, గోధుమ చారలే. లోకంలో ఖరీదైన అలంకరణ చెక్కల్లో అదొకటి. అదీ ముప్పులో ఉన్న జాతే. జూబ్లీహిల్స్‌లో ఇంటీరియర్ డిజైనర్‌ని పిలిచి కేటలాగ్ తెరవండి, వార్డ్‌రోబ్‌లకు మకస్సార్ ఎబొనీ వెనీర్, అంటే పైన అతికించే పలుచని చెక్క పొర, మొదటి పేజీల్లోనే ఉంటుంది. అంత ఖర్చు పెట్టలేని వాళ్లకు అవే చారలు అచ్చువేసిన లామినేట్ షీట్లున్నాయి, మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో కూడా అదే. అంటే బట్టల బీరువా మీద గోధుమ చార ఉంటే రిచ్ లుక్. వయొలిన్ మీద ఉంటే డిఫెక్ట్. ఒకే ఊళ్లో, ఒక్కోసారి ఒకే ఇంట్లో. చెక్క గుణంతో దీనికి సంబంధం ఏమైనా ఉందంటారా?

మేం చాచా దగ్గరున్న ఆ చారల పలకనే వేయించాం, రంగు వేయొద్దని చెప్పి. ఆయనకు నమ్మకం కుదరక "మల్ల నన్ను అనొద్దు" అని ముందే ఒప్పించుకున్నాడు. పాత పలకను వేడి చేసిన కత్తితో మెడ నుంచి విడదీసి, కొత్తదాన్ని సరేసుతో అతికించి, క్లాంపులు బిగించి ఒక పక్కన పెట్టాడు. సంగీతం టీచర్ గారు చూసి "ఇదేంటమ్మా, ఇలా ఉంది, పాతదా?" అన్నారు. తీసుకుని మోహన ఆలాపన కాసేపు వాయించాక ఇంకేమీ అనలేదు. ఒక కార్యక్రమంలో పక్కన కూర్చున్నావిడ మాత్రం "షాపువాళ్లు మోసం చేశారండీ మిమ్మల్ని" అని జాలిపడింది. నేను చెప్పడం మొదలుపెట్టాను గానీ ఏనుగుల దాకా వచ్చేసరికి ఆవిడ ఫోన్ తీసింది.

కొనబోయేవాళ్ల కోసం చాచా చెప్పిన కిటుకులు రాస్తాను. పైభాగం చూసి ఏమీ తేల్చుకోలేరు. అడుగున, పొట్ట మీదికి వచ్చే చోట చూడండి, చాలామంది అక్కడ రంగు సరిగా వేయరు. చివర కోతముఖం దగ్గర చెక్క రేణువులు బొత్తిగా కనిపించకుండా గచ్చులా నల్లగా ఉంటే అనుమానించండి. దూదికి కాస్త స్పిరిట్ అద్ది పలక మీద రుద్దితే రంగు దూదికి అంటుకుంటుంది. స్పిరిట్ చుక్క వయొలిన్ పొట్ట మీద పడిందా, వార్నిష్ పోతుంది జాగ్రత్త. రంగు వచ్చినంత మాత్రాన అది ఎబొనీ కాదని చెప్పలేం, ఇందాక చూశాం కదా అసలు ఎబొనీకీ వేస్తారని. అప్పుడు అడుగున గీకి పొడి రంగు చూడటమే దారి. షాపువాడు గీకనివ్వకపోతే బిల్లు మీద ఎబొనీ అని రాసి సంతకం పెట్టమనండి. రాస్తే మంచిది. రాయకపోతే అదీ సమాధానమే. పిల్లలు మొదటి మెట్లు నేర్చుకునే వయొలిన్‌కు రంగేసిన వేరే చెక్క ఉన్నా కొంప మునగదు. అది ఎబొనీ అని చెప్పి ఎబొనీ రేటు వేయకుండా ఉంటే చాలు.

ఆఖరున రేటు సంగతి. "చార ఉంది కదా, తగ్గించి ఇస్త" అని చాచాయే అన్నాడు. సుల్తాన్‌బజార్‌లో పది రూపాయల క్లిప్పుకు కూడా బేరమాడే మనిషిని నేను, ఆ మాట వదులుకోవడానికి ప్రాణం ఒప్పలేదు. కానీ తగ్గిస్తే మళ్లీ మొదటికే వస్తుంది. చారల పలక చవకైన రెండో రకం అయిపోతుంది. ఆ తక్కువ ధరే వెనక్కి నడుచుకుంటూ మిల్లుకూ, మిల్లు నుంచి అడవికీ చేరుతుంది. దుంగ మోసేవాడు కోతముఖం మీద చార చూసి, దీన్ని రోడ్డెక్కించే కష్టం దండగ అనుకుని ఇంకో చెట్టు వైపు నడుస్తాడు. చాచా నల్ల పలకకు ఎంత తీసుకుంటాడో అంతే ఇచ్చి వచ్చాను. మా ఇంట్లో ఆ బిల్లు మీద చర్చ ఇంకా నడుస్తూనే ఉంది.